ట్రావెల్ ట్రైలర్‌కి డీజిల్ హీటర్: గ్యాస్ ఫర్నేస్ తీసేసి ఇది పెట్టుకోవచ్చా?

వలసపిట్ట
అందరికీ నమస్కారం. మాది బండి వెనక తగిలించి లాక్కెళ్ళే ఇల్లులాంటి ఆరు మీటర్ల ట్రైలర్. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ళ పాప ఉంటాం. పోయిన చలికాలం మొదటిసారి మంచు కురిసే చోట పది రోజులు గడిపాం. ట్రైలర్‌తో పాటు వచ్చిన గ్యాస్ ఫర్నేస్ వేడి బాగానే ఇచ్చింది. కానీ సిలిండర్ ఎప్పుడు అయిపోతుందో తెలియదు. రెండుసార్లు తెల్లవారుజామున మూడు గంటలకి ఆగిపోయింది. ఆ చీకట్లో, ఆ చలిలో బయటికెళ్ళి సిలిండర్ మార్చాను. పైగా ఫర్నేస్ ఫ్యాన్ బ్యాటరీని తినేస్తోంది. కరెంటు కనెక్షన్ లేని చోట రెండో రాత్రికే బ్యాటరీ అడుగంటింది.

ఇప్పుడు డీజిల్ హీటర్ గురించి చదువుతున్నాను. ఫర్నేస్ పూర్తిగా తీసేసి ఆ ఖాళీలోనే ఇది బిగించేద్దామని ఆలోచన. 2 కిలోవాట్లది సరిపోతుందా, 5 కావాలా? బిగించడం ఇంట్లో చేసుకునే పనేనా? అన్నిటికంటే ముఖ్యంగా, పాప నిద్రపోయే చోట పొగ వస్తుందేమోనని భయంగా ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

మంచుదారి
నాలుగు చలికాలాలుగా మా ట్రైలర్‌లో డీజిల్ హీటరే నడుస్తోంది, పెట్టుకోండి. కానీ ఫర్నేస్ తీసేయకండి. కారణం తీరిగ్గా రాస్తాను, ఇప్పుడు బయట ఉన్నాను.

పాత మెకానిక్
వలసపిట్ట గారూ, ముందు ఇది ఎలా పనిచేస్తుందో మనసులో స్పష్టంగా ఉంటే మీ భయంలో సగం తగ్గుతుంది. మిగతా సగం ఉండాల్సిందే, అది మంచిదే.

ఈ హీటర్‌లో రెండు గాలులుంటాయి. అవి ఎక్కడా కలవకూడదు. మొదటిది మంట గాలి. నేల కింద ఉన్న చిన్న గొట్టం బయటి గాలిని లోపలికి లాగుతుంది, చిన్న పంపు చుక్కచుక్కగా డీజిల్ పోస్తుంది, గ్లో ప్లగ్ దాన్ని అంటిస్తుంది, కాలిన పొగ ఎగ్జాస్ట్ పైపులోంచి మళ్ళీ నేల కిందికే, బయటికి పోతుంది. ఇదంతా మూసి ఉన్న అల్యూమినియం పోత లోపల జరుగుతుంది. రెండోది గది గాలి. అది ఆ పోత బయటివైపు రెక్కల మీదుగా వెళ్ళి వేడెక్కి గదిలోకి వస్తుంది. మీరు పీల్చేది ఈ రెండో గాలినే. పోత పగలనంతవరకు, కింది రబ్బరు పట్టీ సరిగా కూర్చున్నంతవరకు, ఎగ్జాస్ట్ జాయింటు ట్రైలర్ లోపల లేనంతవరకు పొగ లోపలికి రాదు.

ఎగ్జాస్ట్ పైపు, మంట గాలి గొట్టం, డీజిల్ గొట్టం, ఈ మూడూ నేలలోంచి నేరుగా కిందికి దిగాలి. గది లోపల ఒక్క ఎగ్జాస్ట్ జాయింటు కూడా ఉండకూడదు. దీంట్లో రాజీ లేదు.

వైరింగ్ బాబాయ్
ఎంత సైజు కావాలో ఊహించొద్దు, లెక్క వేద్దాం. ఆరు మీటర్ల పొడవు, 2.4 వెడల్పు, 2 మీటర్ల ఎత్తు అనుకుంటే గోడలు, నేల, పైకప్పు అన్నీ కలిపి సుమారు 62 చదరపు మీటర్లు. మామూలు ట్రైలర్ గోడ పలచన, కిటికీలు ఎక్కువ. చదరపు మీటరుకి, డిగ్రీ తేడాకి ఒకటిన్నర వాట్లు పోతాయనుకుందాం. బయట మైనస్ 10, లోపల 18 కావాలంటే తేడా 28 డిగ్రీలు. 62 × 1.5 × 28 అంటే 2,600 వాట్లు. సందుల్లోంచి దూరే చలిగాలికి ఇంకో 300 వేసుకోండి. మొత్తం 2.9 కిలోవాట్లు దాకా. మీ ట్రైలర్‌కి 2 కిలోవాట్లది చాలదు, 5 తీసుకోండి.

డీజిల్ ఖర్చు కూడా దీన్నుంచే వస్తుంది. లీటరు డీజిల్‌లో సుమారు 10 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది, అందులో ఎనిమిది దాకా గదికి చేరుతుంది. గంటకి 0.36 లీటరు. పది గంటల రాత్రికి మూడున్నర లీటర్ల పైన. అంతకంటే తక్కువ చలి ఉంటే అందులో సగానికే అయిపోతుంది.

బ్యాటరీ సంగతి: గ్యాస్ ఫర్నేస్ ఫ్యాన్ తిరిగినంతసేపు 7, 8 ఆంపియర్లు లాగుతుంది. సగం సేపు తిరిగినా పది గంటలకి 40 ఆంపియర్ అవర్లు. డీజిల్ హీటర్ అంటుకునేటప్పుడు గ్లో ప్లగ్ కోసం ఓ నాలుగైదు నిమిషాలు 10 ఆంపియర్ల దాకా లాగుతుంది. అంటుకున్నాక ఒకటి, రెండు ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. రాత్రికి 15, 20 ఆంపియర్ అవర్లు. మీకు తేడా కొట్టొచ్చినట్టు కనిపించేది ఇక్కడే.

వలసపిట్ట
బాబాయ్, ఈ లెక్క ప్రింట్ తీసి పెట్టుకున్నాను. చాలా థ్యాంక్స్. మరి 8 కిలోవాట్లు అని అమ్ముతున్నవి తీసుకుంటే ఇంకా నిశ్చింత కదా?

పాత మెకానిక్
వద్దండి. రెండు కారణాలు. 8 అని స్టిక్కర్ ఉన్న చాలా వాటిలో లోపలుండేది 5 కిలోవాట్ల బర్నరే. ఒకవేళ నిజంగానే పెద్దదైనా మీకు నష్టమే. అవసరానికి మించిన హీటర్ ఎప్పుడూ అడుగు మంట మీదే నడుస్తుంది. అడుగు మంట మీద డీజిల్ పూర్తిగా కాలదు, మసి కడుతుంది. ఈ హీటర్లు చెడిపోవడానికి పెద్ద కారణం ఎక్కువ వాడటం కాదు, నెమ్మదిగా వాడటం. రోజుకొకసారి ఇరవై నిమిషాలు ఫుల్ మీద నడిపి అప్పుడు ఆపండి. లోపలి మసి చాలావరకు కాలిపోతుంది.

గ్యాస్ చాలు
నాది వేరే అభిప్రాయం. ట్రైలర్ తయారుచేసినవాళ్ళు ఆ ఫర్నేస్‌ని ఊరికే పెట్టలేదు. గదికి ఇచ్చే వేడిలో కొంత భాగం నేల కింద ఉన్న అరలోకి వెళ్తుంది. నీళ్ళ ట్యాంకులు, పైపులు, ట్యాంకుల్లో నీళ్ళు వదిలే కవాటాలు అన్నీ అక్కడే ఉంటాయి. రెండేళ్ళ కిందట నేనూ డీజిల్ హీటర్ కొని గది మధ్యలో వేడిగాలి వచ్చేలా బిగించాను. గదిలో 21 డిగ్రీలు, హాయిగా నిద్రపోయాం. పొద్దున లేచి చూస్తే కుళాయిలో నీళ్ళు లేవు. కింద పైపు గడ్డకట్టి పగిలింది. గది వెచ్చగా ఉంది కాబట్టి ఫర్నేస్ ఒక్కసారి కూడా ఆన్ కాలేదు. ఆ పైపు మార్చడానికి ట్రైలర్ అడుగు రేకు మొత్తం విప్పాల్సొచ్చింది. డీజిల్ హీటర్ అమ్మేశాను. పెద్ద సిలిండర్లు రెండు, ఒకటి అయిపోతే రెండోదానికి తనంతట తానే మారే రెగ్యులేటర్ పెట్టుకుంటే మూడు గంటలకి లేవాల్సిన పని ఉండదు.

మంచుదారి
నేను రాద్దామనుకున్నది మీరే రాశారు గ్యాస్ చాలు గారూ. ఫర్నేస్ తీసేయకండి అన్నది ఇందుకే. కానీ హీటర్ అమ్మేయాల్సిన అవసరం లేదు. మేం చేసేది చెప్తాను.

కింది అరలో ఒక చిన్న థర్మామీటర్ సెన్సర్ పెట్టాం, రీడింగ్ మంచం పక్కన కనిపిస్తుంది. హీటర్ నుంచి వచ్చే వేడిగాలి డక్ట్‌కి ఒక చీలిక పెట్టి, సన్న పాయ ఒకటి కింది అరలోకి పంపాం. బయట మైనస్ 5 వరకు అది చాలు, కింద 4, 5 డిగ్రీలు ఉంటుంది. ఇంకా చలి పెరిగి ఆ రీడింగ్ 3 కిందికి పడితే గ్యాస్ ఫర్నేస్ పది నిమిషాలు నడుపుతాం. రాత్రికి రెండుసార్లు, మూడుసార్లు. గ్యాస్ ఖర్చు ముందున్నదాంట్లో పావు వంతు కూడా లేదు. సిలిండర్ మార్చడానికి ఈ మధ్య నిద్ర లేచింది లేదు.

చలికి చల్లారిపోయిన ట్రైలర్‌ని మొదట వేడెక్కించడానికి కూడా ఫర్నేసే మేలు. దాని శక్తి ఎక్కువ. సాయంత్రం చేరగానే రెండూ వేస్తాం, గది వేడెక్కాక ఫర్నేస్ ఆపి డీజిల్ మీద ఉంచుతాం.

గ్యాస్ చాలు
డక్ట్ చీలిక నాకు తట్టలేదు. అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బావుండేది.

వైరింగ్ బాబాయ్
చీలిక పెట్టేవాళ్ళకి ఒక జాగ్రత్త. డక్ట్‌ని మరీ ఎక్కువ మెలికలు తిప్పినా, సన్న గొట్టంలోకి దూర్చినా గాలి ఆగి హీటర్ ఒళ్ళు వేడెక్కి సెన్సర్ ఆపేస్తుంది. హీటర్ మూతికి ఎంత సైజు ఉందో అంత సైజు డక్టే ప్రధాన దారిగా ఉండాలి, సన్నపాయ అదనం. మూసేసే తలుపు పెడితే సన్నపాయకే పెట్టండి, ప్రధాన దారికి వద్దు.

తొలిప్రయాణం
నేను కొత్త, మన్నించండి. నా దగ్గర పెట్టెలాంటి హీటర్ ఉంది, ట్యాంకు, పంపు, అన్నీ దాంట్లోనే. పిడి పట్టుకుని ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు. దీన్ని ట్రైలర్ లోపల ఒక మూల పెట్టి ఎగ్జాస్ట్ పైపు మాత్రం కిటికీలోంచి బయటికి తోస్తే సరిపోతుందా? నేలకి రంధ్రం చేయడం ఇష్టం లేదు.

పాత మెకానిక్
సరిపోదు. దయచేసి అలా చేయకండి. ఆ పెట్టెలో ఎగ్జాస్ట్ జాయింటు, మంట గాలి గొట్టం, డీజిల్ ట్యాంకు మూత అన్నీ మీ గదిలోనే ఉంటాయి. జాయింటు కొంచెం వదులైతే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు మీరు పడుకున్న చోటికి వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం, మత్తు అనిపించేసరికే లేచి తలుపు తీసే ఓపిక పోయి ఉండొచ్చు.

పెట్టెని బయట పెట్టండి. వేడిగాలి డక్ట్ మాత్రం లోపలికి పంపండి. అక్కడ కూడా ఒక మెలిక ఉంది. పెట్టె వెనక వైపు గాలి పీల్చుకునే మూతి ఉంటుంది, అది పీల్చేదే లోపలికి ఊదుతుంది. ఎగ్జాస్ట్ పైపు దాని దగ్గర ఉంటే పొగని పీల్చి నేరుగా మీ గదిలోకి కొడుతుంది. ఎగ్జాస్ట్‌ని గాలి వాలు వైపు, పెట్టెకి దూరంగా, కిటికీలకి దూరంగా తిప్పండి. ఇంకా మంచిది, రెండో డక్ట్ పెట్టి గదిలోని గాలినే మళ్ళీ పెట్టెకి ఇవ్వండి. వేడి గాలినే మళ్ళీ వేడి చేస్తుంది కాబట్టి డీజిల్ కూడా ఆదా.

తొలిప్రయాణం
చెప్పినందుకు చాలా కృతజ్ఞతలు సార్. ఈ రాత్రికి లోపల పెట్టి చూద్దామనుకున్నాను. బయటే పెడతాను. రెండు డక్టులకీ దుప్పటిలాంటిది చుడితే వేడి పోకుండా ఉంటుందా?

పాత మెకానిక్
ఉంటుంది. గాలి డక్టులకే చుట్టండి. ఎగ్జాస్ట్‌కి గుడ్డ తగలనివ్వకండి, అది ముట్టుకుంటే చేయి కాలేంతే కాదు, గుడ్డ కూడా అంటుకునేంత వేడి. దానికి వేడి తట్టుకునే గ్లాస్ ఫైబర్ పట్టీ వేరే దొరుకుతుంది. పెట్టె వాన, మంచు నీళ్ళు పడని చోట ఉండాలి.

మంచుదారి
పొగ గురించి మాకు జరిగింది చెప్తాను. మూడో చలికాలం. మా ఎగ్జాస్ట్ పైపు ట్రైలర్ కింద, అంచుకి ఓ అడుగు లోపలే ఆగిపోయేలా బిగించి ఉంది. బిగించిన మనిషి అలా వదిలేశాడు, నేనూ పట్టించుకోలేదు. ఎండాకాలం అయితే ఏమీ అయ్యేది కాదు. ఆ రాత్రి మంచు విపరీతంగా పడింది. ట్రైలర్ చుట్టూ గోడలా పేరుకుంది. కింద గాలి ఆడే దారి లేక పొగ అక్కడే నిలిచిపోయి, నీళ్ళ పైపులు నేలలోంచి పైకొచ్చే సందుల్లోంచి లోపలికి ఎక్కింది. తెల్లవారుజామున కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది. తలుపు తోస్తే మంచు అడ్డం, భుజంతో నెట్టి తెరిచాం. నా భర్తకి అప్పటికే తల పగిలిపోయేలా ఉంది, నాకు కాళ్ళు తేలిపోయాయి. బయట కూర్చున్నాక గంటకి తేరుకున్నాం.

ఆ అలారం లేకపోతే ఈ మాట రాసేదాన్ని కాదు. ఎగ్జాస్ట్ కొస ట్రైలర్ అంచు దాటి బయటికి రావాలి. నేలలో ప్రతి సందూ మూయాలి. మంచు పడినప్పుడు ఎగ్జాస్ట్ కొసని, మంట గాలి మూతిని పార పట్టుకుని తవ్వి చూసుకోవాలి, పడుకునే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి. అలారం పడుకునే చోట, తల ఎత్తుకి దగ్గర్లో ఉండాలి, దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడాలి. మేం ఇప్పుడు రెండు పెట్టాం.

వలసపిట్ట
మంచుదారి గారూ, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. ముందు అలారాలు కొన్నాకే హీటర్ డబ్బా విప్పుదాం అంది. రెండు కొన్నాం.

ఎక్కడ బిగించాలన్నది ఇంకా తేలలేదు. ముందు భాగంలో సామాన్ల అర ఉంది, కానీ దాని పక్కనే గ్యాస్ సిలిండర్లు. రెండో చోటు మంచం కింద.

వైరింగ్ బాబాయ్
సిలిండర్లున్న అరలో, గాలి దారి కలిసే అరలో వద్దు. గ్లో ప్లగ్ ఉన్న వస్తువు అది. మంచం కింద బావుంటుంది. ఆ అర తలుపుకి జాలీ పెట్టండి, గది గాలి దాంట్లోకి ధారాళంగా రావాలి. పరుపు, బట్టలు హీటర్‌కి ఆనకుండా పలక ఒకటి అడ్డం కొట్టండి. రంధ్రం చేసే ముందు నేల కిందికి దూరి చూడండి: ఛాసిస్ కమ్మీ, గ్యాస్ పైపు, బ్రేకు వైరు, నీళ్ళ పైపు, ఎక్కడ ఏముందో సుద్దతో గీసుకోండి. ఎగ్జాస్ట్‌కీ గ్యాస్ పైపుకీ దూరం ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

పాత మెకానిక్
ఇంకొన్ని. డీజిల్ ట్యాంకుని ట్రైలర్ బయట, ముందు బండికి తగిలించే త్రికోణపు చట్రం మీద బిగించండి. లోపల పెడితే ఎంత మూత బిగించినా వాసన వస్తుంది. హీటర్ కంటే కిందుంటే మంచిది, గొట్టం ఎక్కడైనా ఊడినా డీజిల్ తనంతట తాను పారదు.

పంపుని అడ్డంగా పడుకోబెట్టకండి. డీజిల్ బయటికొచ్చే కొస పైకి ఉండేలా ఏటవాలుగా పెట్టండి, బుడగలు వాటంతటవే పైకి పోతాయి. పంపు టిక్ టిక్ మంటుంది. దాన్ని ఛాసిస్‌కి నేరుగా బిగిస్తే రాత్రంతా గోడ గడియారం పక్కన పడుకున్నట్టే. మెత్తటి రబ్బరు పట్టీలో వేలాడదీయండి.

డబ్బాలో వచ్చే మెత్తటి ఆకుపచ్చ గొట్టం పక్కన పెట్టేసి, గట్టి నైలాన్ గొట్టం, లోపలి రంధ్రం 2 మిల్లీమీటర్లది వాడండి. మెత్తటి గొట్టం పంపు కొట్టిన ప్రతిసారీ ఉబ్బుతుంది, డీజిల్ లెక్క తప్పుతుంది. జాయింట్ల దగ్గర రెండు గొట్టాల కొసలు ఒకదానికొకటి ఆనుకోవాలి, మధ్యలో ఖాళీ ఉంటే బుడగ అక్కడే కూర్చుంటుంది. ఎగ్జాస్ట్ పైపులో అన్నిటికంటే కిందున్న చోట నీటి తేమ దిగడానికి చిన్న రంధ్రం ఉంచండి.

వలసపిట్ట
(మూడు వారాల తర్వాత)
బిగించాం. రెండు ఆదివారాలు పట్టింది. నేలకి రంధ్రం చేసేటప్పుడు చేతులు వణికాయి, ఆ తర్వాత అంతా సులువుగానే సాగింది. మొదటిసారి అంటించినప్పుడు తెల్లటి పొగ వచ్చి భయపెట్టింది, రెండు నిమిషాల్లో తగ్గింది. పాప హీటర్ ముందు కూర్చుని బొమ్మలు వేసుకుంటోంది.

కానీ ఒక ఇబ్బంది. పగలు ఏ సమస్యా లేదు. రాత్రి ఆపి, తెల్లవారుజామున మళ్ళీ వేస్తే గ్లో ప్లగ్ వేడెక్కుతుండగానే ఆగిపోయి లో వోల్టేజ్ అని చూపిస్తోంది. బ్యాటరీ దగ్గర మీటరు పెడితే 12.2 ఉంది. హీటరే లోపభూయిష్టమా?

వైరింగ్ బాబాయ్
హీటర్ మంచిదే. బ్యాటరీ నుంచి హీటర్ దాకా వైరు ఎంత పొడవు, ఎంత మందం?

వలసపిట్ట
ఆరు మీటర్లు. డబ్బాలో వచ్చిన వైరుకి అదే మందంది ఇంకొంచెం కలిపాను. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్లు.

వైరింగ్ బాబాయ్
అదే సంగతి. వెళ్ళడం ఆరు, రావడం ఆరు, మొత్తం 12 మీటర్ల రాగి. ఒకటిన్నర మందంలో 10 ఆంపియర్లు పోతే దారిలోనే దాదాపు 1.4 వోల్టులు పడిపోతాయి. చలికి బ్యాటరీ కూడా లోడు పడగానే కుంగుతుంది. బ్యాటరీ దగ్గర 12 ఉంటే హీటర్‌కి చేరేది 10.6. అది తన్ను తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది. పగలు ఛార్జింగ్ నడుస్తుంటుంది కాబట్టి 13 పైన ఉండి పని జరిగిపోతోంది.

6 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగండి. పడిపోయేది మూడో వంతు వోల్టే. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. మధ్యలో అతుకులు వద్దు. అన్నట్టు, హీటర్‌ని ఆపడానికి ఎప్పుడూ కంట్రోలర్ బటన్ మాత్రమే వాడండి. బటన్ నొక్కాక కూడా ఫ్యాన్ కొన్ని నిమిషాలు తిరుగుతుంది, లోపలి వేడిని బయటికి తోలడానికి. ఆ టైంలో మెయిన్ స్విచ్ తీసేస్తే లోపలి వైర్లు, ఫ్యాన్ మోటారు ఆ వేడికి పాడవుతాయి.

వలసపిట్ట
6 వేశాను. మైనస్ 7లో మొదటి ప్రయత్నానికే అంటుకుంది బాబాయ్. మీ చేతికి దండం.

కొండగాలి
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. ఒక ప్రశ్న. కింద బాగా పనిచేసిన హీటర్ 3,000 మీటర్ల ఎత్తులో నల్లటి పొగ కక్కుతోంది, రెండో రోజుకి అంటుకోవడమే మానేసింది. డీజిల్ కల్తీనా?

పాత మెకానిక్
డీజిల్ కాదండి, గాలి. 3,000 మీటర్ల దగ్గర గాలి సాంద్రత కిందితో పోలిస్తే సుమారు పావు వంతు తక్కువ. పంపు మాత్రం కింద పోసినంతే పోస్తోంది. ఆక్సిజన్ చాలక డీజిల్ మసిగా మారుతోంది. మీ కంట్రోలర్‌లో ఎత్తుకి సర్దుకునే అమరిక ఉందేమో చూడండి, కొన్నిట్లో తనంతట తానే సర్దుకుంటుంది. లేకపోతే పంపు సెకనుకి కొట్టే దెబ్బలు తగ్గించాలి, లేదా ఫ్యాన్ వేగం పెంచాలి. కొద్దికొద్దిగా మారుస్తూ ఎగ్జాస్ట్ దగ్గర పొగ చూడండి. కంటికి కనపడని పొగే సరైన మంట. కిందికి దిగాక మళ్ళీ పాత అమరికకి తేవడం మర్చిపోవద్దు.

ఇప్పుడు అంటుకోవట్లేదంటే గ్లో ప్లగ్ చుట్టూ ఉండే చిన్న జాలీ మసితో మూసుకుపోయి ఉంటుంది. అది చవకైన భాగం, కడగడం కంటే మార్చడం మేలు. జాలీ మార్చినా రాకపోతే బర్నర్ విప్పాలి. గోడల మీద పెచ్చులు కట్టి ఉంటాయి, చెక్క ముక్కతో గీకి, వాక్యూమ్‌తో లాగండి. తిరిగి బిగించేటప్పుడు గాస్కెట్లు తప్పకుండా కొత్తవి వేయండి. పాత గాస్కెట్ పొగని ఆపుతుందని నమ్మొద్దు.

కొండగాలి
జాలీ పూర్తిగా నల్ల ముద్ద. మార్చాను, పంపు వేగం రెండు మెట్లు తగ్గించాను. అంటుకుంది, పొగ లేదు. వేడి కొంచెం తగ్గింది కానీ పర్లేదు.

పాత మెకానిక్
తక్కువ డీజిల్ కాలుతోంది కాబట్టి తక్కువ వేడి. ఎత్తులో అది తప్పదు.

మంచుదారి
చలి ఎక్కువున్న చోటికి వెళ్ళేవాళ్ళు డీజిల్ సంగతి కూడా చూసుకోండి. మామూలు డీజిల్ సున్నా దగ్గర్నుంచే మబ్బు పట్టడం మొదలుపెట్టొచ్చు, ఇంకా చల్లబడితే మైనం గడ్డలు ఫిల్టర్‌ని మూసేస్తాయి. వెచ్చని చోట నింపుకున్న ట్యాంకుతో చలి చోటికి వెళ్ళి మేం ఒక రాత్రి ఇలాగే ఇరుక్కున్నాం. ఆ చోటుకి చేరాక అక్కడి చలికాలపు డీజిల్ పోయించుకోండి. గడ్డకట్టకుండా కలిపే మందు వేస్తే మబ్బు పట్టకముందే వేయాలి, పట్టాక వేస్తే కరగదు.

లిథియం బ్యాటరీ ఉన్నవాళ్ళు: సున్నా కంటే తక్కువ వేడిమిలో దాన్ని ఛార్జ్ చేయకూడదు. మేం బ్యాటరీని మంచం కింద హీటర్ ఉన్న అర పక్క అరలోకి మార్చాం, ఎప్పుడూ పది డిగ్రీల పైనే ఉంటుంది.

తొలిప్రయాణం
పెట్టె బయట పెట్టి, రెండు డక్టులతో నెల రోజులుగా వాడుతున్నాను. గది వెచ్చగా ఉంది. కానీ పొద్దున కిటికీల మీద నీళ్ళు కారుతున్నాయి, పరుపు కింద కూడా తడి. హీటర్ తేమ వదులుతోందా?

మంచుదారి
హీటర్ వదలదు, మంటలో పుట్టే తేమంతా ఎగ్జాస్ట్‌లోనే బయటికి పోతుంది. ఆ నీళ్ళు మీ ఊపిరివి, వంటవి, ఆరేసిన బట్టలవి. మీరు గదిలోని గాలినే తిప్పుతున్నారు కదా, తేమ బయటికి పోయే దారి లేదు. పైకప్పు గాలి మూత రెండు వేళ్ళ మందం తెరిచి ఉంచండి, ఆ కాస్త వేడి పోయినా పర్వాలేదు. పరుపు కింద గాలి ఆడేలా చెక్క పట్టీలు వేయండి.

గ్యాస్ చాలు
ఈ చర్చ మొత్తం మళ్ళీ చదివాను. ఇంకో హీటర్ కొన్నాను, 5 కిలోవాట్లదే. ఈసారి ఫర్నేస్ ఉంచి, కింది అరకి సన్నపాయ తీస్తున్నాను. మంచుదారి గారూ, మీరు సన్నపాయకి ఎంత సైజు వాడారు, సెన్సర్ సరిగ్గా ఎక్కడ పెట్టారు?

మంచుదారి
ప్రధాన డక్ట్ 75 మిల్లీమీటర్లు, సన్నపాయ 60. సెన్సర్‌ని వేడిగాలి వచ్చే చోట పెట్టకండి, అక్కడ ఎప్పుడూ బానే చూపిస్తుంది. వేడిగాలికి అన్నిటికంటే దూరంగా, వదిలే కవాటం పక్కన పెట్టండి. మొదట గడ్డకట్టేది అదే.

వలసపిట్ట
మాది కూడా కవాటం పక్కకే మార్చాను ఇప్పుడే. నిన్నటిదాకా ట్యాంకు మీద ఉండి 8 చూపించేది. ఇక్కడ 3 చూపిస్తోంది. ఫర్నేస్ వేసి వస్తాను.